ఇంటి పాటలకు పట్టిక: ఒక సంవాదము

ఒక తరమువారు గ్రామఫోను రికార్డులను కొనిరి. వారి బిడ్డలు క్యాసెట్టులను పేర్చిరి. ఆ బిడ్డల బిడ్డలు సీడీలను, పిమ్మట సెల్‌ఫోనులలోని ఫైళ్ళను కూడబెట్టిరి. ఇట్లు మూడు తరముల శ్రవణాభిరుచి యంతయు నేడు అనేక గృహములందు అరచేతిలో ఇముడు ఒక హార్డ్ డిస్కులోనికి వచ్చి చేరుచున్నది. చేరినంత మాత్రమున అది భాండారము కాజాలదు. వేలకొలది పాటలలో కోరినది కోరినప్పుడు దొరకవలెనన్నచో, ఏది యే పాటయో, ఎవరు పాడిరో, ఏ సందర్భమున పాడిరో తెలుపు పట్టిక యొకటి యుండవలెను. ఆ పట్టికను ఆధారముగా గొని కంప్యూటరు తనంతట తాను ప్లేలిస్టులను కూర్చి వినిపించు పద్ధతి మేలైనదా, కీడైనదా యను విషయమై, రాజమహేంద్రవరమున విశ్రాంత జీవితము గడపుచున్న యొక తెలుగు పండితునికిని, హైదరాబాదులోని ఒక కళాశాల గ్రంథాలయమున పనిచేయుచున్న ఆయన మేనకోడలికిని జరిగిన వాదమును ఇచట పొందుపరచుచున్నాను. ఇరువురును సంగీతమును ప్రాణముగా నెంచువారే; కనుకనే వాదము గట్టిగా సాగినది.

మామయ్య: అమ్మాయీ, మీ అమ్మమ్మ నాటి రికార్డులను, నా క్యాసెట్టులను నీవు కంప్యూటరులోనికి ఎక్కించుటకు నాకేమియు అభ్యంతరము లేదు. ఆ లక్క పలకలు చేయి జారినచో ముక్కలగును. టేపునకు బూజు పట్టును. వాటిని కాపాడుట పుణ్యకార్యమే. నా అభ్యంతరమంతయు నీవు ముచ్చటపడుచున్న ఆ స్వయంచాలక జాబితాల మీద. నిమిషమునకు 78 చుట్లు తిరుగు రికార్డుకు ఒక ప్రక్క మూడు నాలుగు నిమిషముల పాట మాత్రమే పట్టెడిది. అది ముగియగనే లేచి, ముల్లు ఎత్తి, రికార్డును త్రిప్పి, మరల ముల్లు పెట్టవలసి వచ్చెడిది. ఆ కొద్దిపాటి శ్రమ వలన తాను ఏమి వినుచున్నాడో, తరువాత ఏమి వినదలచెనో శ్రోతకు ఎరుక యుండెడిది. నేడు మీరు మీట నొక్కి కూర్చుందురు. రాబోవు పాట యేదో యంత్రము నిర్ణయించును. ఎన్నుకొనుట మానినవాడు కొంతకాలమునకు వినుటయు మానును.

మేనకోడలు: మామయ్యా, మీ మాటను నేను తేలికగా తీసివేయజాలను. కాని ఒక సంగతి అడుగుదును. విజయవాడ ఆకాశవాణి కేంద్రము 1948 డిసెంబరు 1వ తేదీన మొదలైనది. ఆ కేంద్రము ప్రాతఃకాలమున వినిపించు భక్తిరంజనిని మీరు ఏండ్ల తరబడి వింటిరి, ఇల్లంతయు విన్నది. అందు ఏ కీర్తన ముందు రావలెనో, ఏది వెనుక రావలెనో మీరు ఎన్నుకొన్నారా? లేదు. ఎన్నుకొనినవారు సంగీతజ్ఞులు, వారి వివేకమును మీరు విశ్వసించిరి. కనుక ఇతరులు కూర్చిన జాబితాను వినుట చేతనే శ్రవణము చెడునని చెప్పుటకు వీలులేదు. కూర్చినది ఏ నియమముతోనో, ఆ నియమము మనకు తెలిసినదో కాదో, అది ముఖ్యము.

మామయ్య: తెలిసిన నియమమా? యంత్రము చేయుపనికి నియమమేమిటో నాకెట్లు తెలియును?

మేనకోడలు: అక్కడనే భేదమున్నది. స్వయంచాలక జాబితాలు రెండు జాతులు. ఇంటర్నెట్టు ద్వారా పాటలు వినిపించు సంస్థలు మన అలవాట్లను గమనించి, వాటిని లక్షలాది ఇతర శ్రోతల అలవాట్లతో పోల్చి, మనకు నచ్చబోవు పాట యిదియని ఊహించి పంపును. ఆ ఊహకు ఆధారమేమో మనకు కనబడదు. దానిని గూర్చి మీరు పడు భయమును నేనును పంచుకొందును. రెండవ జాతి, ఇంటిలోని భాండారమునకు ఇంటివారే విధించు నియమము. 2002లో ఐట్యూన్స్ అను సాధనము స్మార్ట్ ప్లేలిస్టు అను పేరుతో దీనిని చేర్చుకొన్నది; నేడు మ్యూజిక్‌బీ వంటి పెక్కు సాధనములందు ఈ సౌకర్యము కలదు. రాగము మోహన, రచన త్యాగరాజు, ఆరు మాసములుగా ఈ ఇంట వినబడనిది, అని నేను మూడు షరతులు వ్రాసినచో, ఆ మూడింటికి సరిపడు కీర్తనలన్నియు ఒక జాబితాగా ఏర్పడును. రేపు మరియొక మోహన రాగ కృతిని చేర్చినచో అదియు అందు చేరును. నేడు విన్న కృతి ఆరు మాసముల వరకు జాబితా నుండి తొలగియుండును. ఇందు యంత్రము తనకై ఎన్నుకొన్నది ఏమియు లేదు. నా షరతును అది పాటించినది, అంతే.

మామయ్య: బాగుగనే చెప్పితివి. అయినను నీ షరతులకు పునాది ఏది? పాటకు అంటించిన చీటీయే గదా. ఆ చీటీలను నేను నీ తెర మీద చూచితిని. ఘంటసాలవారి పేరు ఆంగ్లాక్షరములలో ఒకచోట హకారముతో, ఒకచోట హకారము లేకుండ, ఒకచోట పూర్తిగా, ఒకచోట పొడి అక్షరములతో వ్రాసియున్నది. యంత్రము దృష్టిలో వారందరును వేరువేరు గాయకులు. మరికొన్నింటికి ట్రాక్ 07 అనియు, గాయకుడు తెలియదనియు మాత్రమున్నది. సంగీతజాతి అను గడిలో త్యాగరాజ కృతికి, హరికథకు, పౌరాణిక నాటక పద్యమునకు, సినిమా పాటకు సర్వమునకును ఇండియన్ అని యొకటే మాట. టైటిల్, ఆర్టిస్ట్, ఆల్బమ్ అను ఆ మూడు గడులు పాశ్చాత్యుల రికార్డుల కొలతకు కుట్టిన చొక్కా. అది మన పాటకు పట్టదు. మన పాటకు వాగ్గేయకారుడున్నాడు, రాగమున్నది, తాళమున్నది. సినిమా పాటయైనచో రచయిత వేరు, వరుస కట్టినవారు వేరు, పాడినవారు వేరు, తెర మీద పెదవి కదిపినవారు వేరు. ఇందరిలో ఆర్టిస్ట్ ఎవరు?

మేనకోడలు: మీ కోపము న్యాయమైనదే, దానికి చరిత్ర కూడ కలదు. ఎంపీ3 ఫైలునందు మొదట పాట పేరు వ్రాయుటకు చోటే లేదు. 1996లో ఐడీ3 అను ట్యాగును కల్పించిరి. అది ఫైలు చివర తగిలించిన 128 బైట్ల తునక. అందు పాట పేరునకు 30 అక్షరములు, గాయకునికి 30, ఆల్బమునకు 30, సంవత్సరమునకు 4. సంగీతజాతిని మాత్రము ముందే నిర్ణయించిన పట్టికలోని ఒక సంఖ్యతో సూచింపవలెను. మంగళంపల్లి బాలమురళీకృష్ణగారి పేరును వాడుకలోనున్న ఆంగ్ల వర్ణక్రమములో వ్రాసి చూడుడు. నడుమనున్న ఖాళీతో కలిపి 31 అక్షరములగును. చివరి అక్షరము తెగిపోవును. తెలుగు లిపికి ఆ తునకలో తావే లేదు. మీరు చూచిన వికృత రూపములలో చాలభాగము ఆ కాలపు ఇరుకు నుండి సంక్రమించినవే.

మామయ్య: నేటికైనను ఆ ఇరుకు తీరినదా?

మేనకోడలు: తీరినది. 1998లో వచ్చిన రెండవ రూపముతో ఆ 30 అక్షరముల హద్దు పోయినది; మనకు కావలసిన గడులను మనమే పేరు పెట్టి చేర్చుకొను వీలు కలిగినది; యూనికోడ్ అక్షరములు వ్రాయ వీలైనది. తెలుగు 1991 నాటికే యూనికోడులో చేరియుండుట చేత, నేడు రాగము, తాళము, రచన, స్వరకల్పన, గానము, వాద్య సహకారము అను గడులను అచ్చ తెలుగు లిపిలో ఫైలులోనే వ్రాసి పెట్టవచ్చును. 2001లో వచ్చిన ఫ్లాక్ అను రూపమునందైతే ఒకే గడిలో ఇద్దరు ముగ్గురు గాయకుల పేర్లను విడివిడిగా చేర్చుటకును అవకాశమున్నది. ఇక గడులు లేవను నెపము మనకు చెల్లదు. నింపకపోవుట మన సోమరితనము.

మామయ్య: గడులు పెంచినంత మాత్రమున పని సులభమగునా? ఒక కీర్తనను రాగమును బట్టి పెట్టెదవా, వాగ్గేయకారుని బట్టి పెట్టెదవా, గాయకుని బట్టి పెట్టెదవా? నేను క్యాసెట్టులను గాయకుని బట్టి బీరువాలో పేర్చితిని. రాగమును బట్టి వెదకవలసి వచ్చినప్పుడెల్ల బీరువా అంతయు దింపవలసి వచ్చెడిది.

మేనకోడలు: ఆ చిక్కునకే మా వృత్తికి ఆచార్యుడైన ఎస్. ఆర్. రంగనాథన్ గారు పరిష్కారము చూపిరి. 1931లో ఆయన ఐదు గ్రంథాలయ సూత్రములను ప్రకటించిరి. 1933లో కోలన్ వర్గీకరణమును ప్రచురించిరి. ఒక గ్రంథమును ఏదో యొక గదిలో బంధించుటకు మారుగా, దాని విషయమును ముఖములుగా విడదీసి, ఆ ముఖములను కూర్చి దానికి స్థానము కల్పింపవలెనని వారి సిద్ధాంతము. అలమరలో పుస్తకమునకు ఒకే చోటు గనుక ఆ సిద్ధాంతము అచట కొంతవరకే ఫలించినది. ఫైలునకు అట్టి బంధము లేదు. బాలమురళిగారు పాడిన ఒక మోహన రాగ కృతి, దానికి ప్రతి తీయకుండగనే, రాగపు జాబితాలో నుండును, త్యాగరాజు జాబితాలో నుండును, గాయకుని జాబితాలో నుండును, రేడియో నుండి ముద్రించుకొన్నవాటి జాబితాలోను ఉండును. ప్రతి పాఠకునికి అతని గ్రంథము, ప్రతి గ్రంథమునకు దాని పాఠకుడు దొరకవలెనని రంగనాథన్ గారు కోరిరి. ప్రతి పాటకును దాని శ్రోత దొరకవలెనని నేను కోరుచున్నాను.

మామయ్య: నీ ఆచార్యునికి నమస్కారము. కాని చీటీ మీద వ్రాసినది నిజము కావలెను గదా. 1957 నాటి మాయాబజారునకు సంగీత దర్శకులుగా ఘంటసాలవారి పేరే ప్రసిద్ధము. అందలి నాలుగు పాటల వరుసలు మాత్రము సాలూరి రాజేశ్వరరావుగారివి. నీ గడిలో ఎవరి పేరు వ్రాసెదవు? అంతకంటె గంభీరమైన ప్రశ్న మరియొకటి. అన్నమాచార్యుని సంకీర్తనలు చెక్కిన రాగిరేకులు తిరుమల ఆలయములోని తాళ్ళపాక అరలో శతాబ్దములు దాగి, 1922 ప్రాంతమున వెలుగు చూచినవి. ఆ రేకులపై పాటకు రాగనామమున్నది, స్వరము లేదు. నేడు మనము వినుచున్న వరుసలలో చాలభాగము ఇరువదవ శతాబ్దమునందు రాళ్ళపల్లి అనంతకృష్ణశర్మ, నేదునూరి కృష్ణమూర్తి, బాలమురళీకృష్ణ మొదలగువారు కూర్చినవి. నీ భాండారమునందు స్వరకర్త అన్నమయ్య అని వ్రాసినచో ఆ పెద్దల కృషికి అపచారము. నీ షరతు మేరకు యంత్రము ఆ అసత్యమునే వేయిసార్లు వల్లించును. సినిమా పాటల సంగతి చెప్పనే అక్కరలేదు. రెండు మూడు రాగముల ఛాయలు కలిసిన లలితమైన వరుసకు ఒక రాగము పేరు తగిలించుట పాండిత్యమగునా?

మేనకోడలు: కాదు. అందుచేతనే రచన వేరు గడి, స్వరకల్పన వేరు గడి. అన్నమయ్య పేరు మొదటి గడిలో నుండును. రెండవదానిలో శర్మగారి పేరో, నేదునూరివారి పేరో, తెలిసినంతవరకు ఉండును. మాయాబజారునకు సినిమా మొత్తము మీద ఒక పేరు వ్రాసి చేతులు దులుపుకొనకుండ, ఒక్కొక్క పాటకు విడిగా వ్రాయవలెను. రాగము నిశ్చయముగా తెలియనిచో గడి ఖాళీగా విడువవలెను. ఖాళీ గడిని యంత్రము వెదకి చూపగలదు. తప్పు నింపిన గడిని చూపజాలదు. కనుక నా మొదటి స్వయంచాలక జాబితా ఏదియన్న, రాగము వ్రాయవలసియుండియు వ్రాయని పాటల జాబితా. అది వినుటకు గాదు, పనిచేయుటకు. ఇక రాగిరేకుల మాట మీరే ఎత్తితిరి గనుక చెప్పుచున్నాను. పాటకు రాగము పేరు చెక్కించినవారు చేసిన పనియే నేడు మనము చేయవలసిన పని. ఆ ఒక్క పదము లేకున్నచో పిమ్మటివారికి ఏ రాగమున ప్రయత్నింపవలెనో దారియే దొరకెడిది కాదు.

మామయ్య: దారి దొరకినది, నిజమే. అయినను అన్నమయ్య నోట పలికిన వరుస దొరకలేదు. పేరు నిలిచి నాదము పోయినది.

మేనకోడలు: మన యింట నాదము నిలిచి పేరు పోవుచున్నది, మామయ్యా. ఈ క్యాసెట్టును చూడుడు. 90 నిమిషములది. పెట్టెలోని అట్టముక్క మీద పెన్సిలుతో పెండ్లి, రెండవ రోజు అని మాత్రమే వ్రాసియున్నది. ఎవరి పెండ్లియో లేదు, ఏ సంవత్సరమో లేదు, పాడినవారు ఎవరో లేదు. దీనిని నేను కంప్యూటరులోనికి ఎక్కించితిని. కొంచెము వినుడు.

మామయ్య: ఆగుము; మరల మొదటి నుండి పెట్టుము. ఇది మంగళహారతి. ఆ మొదటి గొంతు మా అమ్మది. చరణము ముగించునప్పుడు స్వరమును కొంచెము క్రిందికి జార్చి అచట నిలుపుట ఆమె అలవాటు. మరి యెవరును అట్లు పాడరు. రెండవ గొంతు మా పిన్నిది. పైస్థాయి అందక చరణములో ఊరకుండి, పల్లవిలో వచ్చి కలియును. మధ్యలో ఖంగుమన్నది హారతి పళ్ళెము. ఇత్తడిది, గడపకు తగిలినది. ఇది మీ పెద్దమ్మ పెండ్లి. మీ అమ్మ పెండ్లి కాజాలదు. అప్పటికి మా పిన్ని కాలము చేసినది. ఈ పాట ఏ పుస్తకమునందును నేను చూడలేదు. మా అమ్మ తన పుట్టినింట నేర్చినది.

మేనకోడలు: మీరు ఇప్పుడు చెప్పినదానిలో ఒక్క అక్షరమును ఏ యంత్రమును చెప్పజాలదు. ధ్వనిని బట్టి పాటను గుర్తుపట్టు అకూస్ట్ఐడీ వంటి సాధనములున్నవి; మ్యూజిక్‌బ్రెయిన్జ్ అను బహిరంగ సమాచారనిధి యున్నది. విడుదలైన రికార్డును వాటికి వినిపించినచో పేరు, గాయకుడు, సంవత్సరము తెచ్చి యిచ్చును. వేలకొలది పాటల చీటీలను వాటి సాయముతో సరిదిద్దవచ్చును. అవి గుర్తించునది ఇదివరకెవరో నమోదు చేసియుంచిన ధ్వనిని మాత్రమే. చిన్న అమ్మమ్మ గొంతును గుర్తింపగలవారు ఇక ఈ లోకమున మీరును, మీ తరమువారు మరి కొందరును. చూడుడు, వ్రాయుచున్నాను. పాట: మంగళహారతి. గానము: అమ్మమ్మ, చిన్న అమ్మమ్మ. సందర్భము: పెద్దమ్మ వివాహము. మూలము: అమ్మమ్మ పుట్టినింటి పాట. చివర మరియొక గడి చేర్చుచున్నాను. సాక్షి: మామయ్య.

మామయ్య: సాక్షి యను గడి నాకు నచ్చినది. ఎవరు చెప్పిరో తెలిసినచో, రేపు మరియొకరు కాదని చెప్పినప్పుడు విచారించుటకు తావుండును. గ్రంథ పరిష్కర్తలు తాళపత్ర ప్రతులకు చేయునదియు ఇదియే. సరే, పట్టిక వ్రాయుటకు నేను సమ్మతించితిని. జాబితాకు ఇంకను సమ్మతింపలేదు. త్యాగరాజస్వామి ఘనరాగ పంచరత్నములకు ఒక క్రమమున్నది: నాట, గౌళ, ఆరభి, వరాళి, శ్రీ. తిరువయ్యారున అందరు కలిసి పాడునది ఆ క్రమములోనే. శ్రీవేంకటేశ్వర సుప్రభాతమునకు పిమ్మట స్తోత్రము, ప్రపత్తి, మంగళాశాసనము రావలెను. అరియక్కుడి రామానుజ అయ్యంగారు తీర్చిన కచేరీ పద్ధతిలో వర్ణము ముందు, మంగళము చివర. నీ యంత్రము షఫుల్ అను పేరుతో వీటిని కలగాపులగము చేసినప్పుడు, తెల్లవారుజామున మంగళాశాసనము ముందు వచ్చి, సుప్రభాతము మధ్యాహ్నము వినబడినచో దానిని భాండారమందుమా? మరియొకటి గూడ గమనించితిని. రాగము ముగిసి తానము ఎత్తుకొను చోట నీ ఫైళ్ళలో ఒక క్షణము శబ్దము తెగుచున్నది. గాయకుడు తెంపని చోట యంత్రము తెంపుట క్షమింపరానిది.

మేనకోడలు: ఈ విషయమున మీ పక్షమే నా పక్షము. క్రమము కళలో భాగమైన చోట స్వయంచాలకమునకు ప్రవేశము లేదు. అట్టివాటికి విడదీయరానిది అను గుర్తు వేయుదును. నా నియమములన్నింటను మొదటి షరతు, ఆ గుర్తున్నవాటిని ముట్టరాదని. పంచరత్నములు, సుప్రభాతము, పూర్తి కచేరీలు, హరికథలు, నాటకములు చేతితో కూర్చిన జాబితాలలో తమ వరుసలోనే యుండును. ఇక శబ్దము తెగుటకు కారణము ఎంపీ3 పద్ధతి. ఆ రూపములోనికి మార్చునప్పుడు ప్రతి ఫైలుకును మొదట, చివర కొంత నిశ్శబ్దము చేరును; దానిని లెక్కించి తొలగించు సాధనములు కొన్ని కలవు, తొలగింపనివి కొన్ని. ఫ్లాక్ రూపమునందు ఆ దోషము లేదు. ధ్వనిలో రవ్వంతయు పోదు. కనుక మూల ప్రతి ఫ్లాకులో నుండవలెను. ఫోనులో వినుటకు మాత్రమే ఎంపీ3. సీడీ నాణ్యముతో గంట సంగీతము కుదింపనిచో సుమారు 635 మెగాబైట్లగును. 128 కిలోబిట్ల ఎంపీ3గా మార్చినచో 58 మెగాబైట్ల లోపే. హార్డ్ డిస్కులు చిన్నవియు ప్రియమైనవియునైన కాలమున ఆ పొదుపు అవసరమయ్యెను. నేడు మూల ప్రతికి ఆ పొదుపు అక్కరలేదు.

మామయ్య: ఇంకొక సందేహము. నీ సాధనము ఏ పాటను ఎన్నిసార్లు వింటిమో లెక్కించునట. ఎక్కువగా విన్నవి అని యొక జాబితా కూర్చునట. విన్నవే వినబడును, వినబడినవి మరల లెక్కకెక్కును. ఇంటిలోని పిల్లలు నాలుగు కొత్త సినిమా పాటల చుట్టునే తిరుగుచుందురు; నాజర్ బుర్రకథ గాని, పౌరాణిక పద్యము గాని వారి చెవిని ఎన్నడును పడదు. అభిరుచి పెరుగునది తెలియనిదానిని విన్నప్పుడు గదా.

మేనకోడలు: ఆ లెక్కనే త్రిప్పి వాడవచ్చును, మామయ్యా. ఎక్కువగా విన్నవి అను నియమమును వ్రాసిన చేయియే, ఏడాదిగా ఎవ్వరును విననివి అను నియమమును వ్రాయగలదు. నేను మన యింటికి వ్రాసిన నియమము చెప్పెదను. సాయంకాలము దీపము పెట్టు వేళకు మూడు పాటలు. మొదటిది ఇంటివారు పాడినది. రెండవది శాస్త్రీయ సంగీతమో, పద్యమో, జానపదమో, ఏడాదిగా వినబడనిది. మూడవది పిల్లలు మెచ్చి గుర్తు పెట్టినది. మూడింటిని అందరు ఒకచోట కూర్చుండి వినవలెను. బుర్రకథ వంటి దీర్ఘమైనవి ఆదివారమునకు. పిల్లల అభిరుచిని నేను తోసివేయలేదు. దానికి ఇరుగు పొరుగున ఏ పాటలుండవలెనో మాత్రము నిర్ణయించితిని. భక్తిరంజని మీ యింట చేసిన పనియు ఇంతకంటె వేరు కాదు.

మామయ్య: అందరు కూర్చుండి వినవలెనను షరతును యంత్రము అమలుజరుపజాలదు సుమా.

మేనకోడలు: జాలదు. అది పెద్దలు చేయవలసిన పని.

మామయ్య: సరే, కడపటి ప్రశ్న. లక్క రికార్డు మీద గీత పడినచో ఒక చుట్టు చెడును, మిగిలినది పలుకును. నీ హార్డ్ డిస్కు ఒకనాడు మూగవోయినచో మూడు తరముల పాటలును ఒక్కమారే పోవును. దానికి ఏమి చెప్పెదవు?

మేనకోడలు: మూడు ప్రతులు, రెండు విధములైన సాధనములు, ఒకటి వేరొక ఊరిలో. దత్తాంశములను భద్రపరచువారు పాటించు నియమమిది. మన ప్రతులలో ఒకటి మీ బీరువాలో, ఒకటి హైదరాబాదున నా యొద్ద, ఒకటి అమెరికాలోని తమ్ముని యొద్ద నుండును. ఏటేట తీసి, పలుకుచున్నదో లేదో పరీక్షింపవలెను. మరియొక జాగ్రత్త కూడ ఉన్నది. మనము పెట్టిన నక్షత్రపు గుర్తులను, ప్లేలిస్టులను పెక్కు సాధనములు పాట ఫైలులో వ్రాయక, తమ సొంత ఖాతాలో దాచుకొనును. ఆ సాధనము మూతపడిననాడు మన కష్టము దానితో పోవును. కనుక రాగము, గాయకుడు, సందర్భము, సాక్షి అను ముఖ్యాంశములు ఫైలులోపలి ట్యాగునందే యుండవలెను. జాబితాల నియమములను ఒక నోటు పుస్తకములో తెలుగున వ్రాసి యుంచవలెను. సాధనములు మారినను, ఆ పుస్తకమును చూచి కొత్తదానికి అవే నియమములను మరల చెప్పవచ్చును.

మామయ్య: అట్లయినచో నా తీర్పు వినుము. పట్టిక వ్రాయుట మనుష్యుల పని. అందు నా తరమువారికి మొదటి బాధ్యత. క్రమబద్ధమైన కృతులను చేతితోనే కూర్చవలెను. మిగిలినవాటిలో మరుగుపడినదానిని వెలికితీయుటకు నీ స్వయంచాలక జాబితా ఉపకరించును. ఆ మేరకు దానిని అంగీకరించుచున్నాను. దాని నియమమును ఇంటివారు తప్ప మరియెవ్వరును వ్రాయరాదు. అభిరుచి విషయమున నేను ఇంకను సందేహించుచునే యున్నాను. మిగిలిన క్యాసెట్టులను తెమ్ము. నాకు గుర్తున్నంతవరకు చెప్పెదను.

వాదము ఇంతటితో ముగిసినది. ఇరువురి మాటలను విన్న పిమ్మట నాకు తోచిన నిర్ణయమును పాఠకులకు నివేదించుచున్నాను. స్వయంచాలక జాబితా యొక్క మంచిచెడ్డలు దానిని కూర్చు సాధనములో లేవు. అది చదువు పట్టికలో నున్నవి. ఆ పట్టికలో విడుదలైన రికార్డులకు సంబంధించిన భాగమును ఇవాళ కాకున్న పదేండ్లకు నింపుకొనవచ్చును. ఏలయన ఆ సమాచారము లోకమునందు పలుచోట్ల ఉన్నది. మంగళహారతులు, లాలిపాటలు, బతుకమ్మ పాటలు, పెండ్లి పాటలు, తాతగారు చదివిన పద్యములు, ఇవి ఏ సమాచారనిధిలోను లేవు. వాటిని గుర్తుపట్టు చెవులు కొద్దిగా మిగిలియున్నవి, అవి వృద్ధాప్యమున నున్నవి. కనుక భాండారము కట్టదలచినవారు సినిమా పాటలతో మొదలుపెట్టక, ఇంటి గొంతులతో మొదలుపెట్టవలెను.

మీ యింట పేరు వ్రాయని క్యాసెట్టు ఒక్కటి యున్నను, ఈ ఆదివారము దానిని పెద్దవారి ప్రక్కన కూర్చుండి వినుడు. ఎవరి గొంతు, ఏ పాట, ఎక్కడ, ఎప్పుడు అను నాలుగు సంగతులను అడిగి వ్రాసికొనుడు. చెప్పినవారి పేరును చివర తప్పక వ్రాయుడు. జాబితాలను యంత్రము ఎప్పుడైనను కూర్చగలదు. సాక్ష్యము చెప్పువారు ఎల్లకాలము ఉండరు.